ముసాఫర్ ఎటు పోయాడు?

పాతబస్తీలో ఎవరైనా ఇంట్లోంచి దూరం పోతుంటే అమ్మీ ఇమామ్ జామిన్ కడుతుంది. చిన్న గుడ్డముక్కలో రూపాయి బిళ్ల పెట్టి, బిస్మిల్లా అనుకుంటూ కుడిచేతి దండకు ముడివేస్తుంది. 'ఇమామ్ జామిన్ కీ జామనీ మే దియా' అంటుంది. నీకు ఇమామే పూచీ అని అర్థం. క్షేమంగా చేరాక ఆ రూపాయిని ఎవరైనా లేనివాళ్లకి ఇచ్చేయాలి. దుబాయి పోయేవాడికి కట్టారు. జిద్దా పోయేవాడికి కట్టారు. 1990 డిసెంబర్‌లో కర్ఫ్యూ సడలించిన కాసేపట్లో నయాపూల్ దాటిపోయి పాలపొడి డబ్బా తెమ్మని పంపిన పిల్లవాడికి కూడా కట్టారు.

రెండు మూడు కిలోమీటర్ల దూరానికి ఇమామ్ జామిన్ కట్టుకోవాల్సి వచ్చిన వాళ్లం మేం. అట్లాంటి ఇళ్లల్లో కూచుని తెలుగు యాత్రాసాహిత్యం చదివితే ఏమనిపిస్తుందో చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు.

మంచి యాత్రాగ్రంథాలు తెలుగులో లేవని మేం అనడం లేదు. ఉన్నాయి. వాటిని ఇష్టంగానే చదివాం. ఈ మధ్య వాటికి వీడియోలు కూడా తోడయ్యాయి. ట్రావెల్ కంపెనీ లేకుండా, గైడు లేకుండా, వీపున ఒక సంచీ వేసుకుని అల్లర్లు జరుగుతున్న దేశాల్లోకి ఒంటరిగా పోయి వచ్చేవాడంటే మన పాఠకులకీ ప్రేక్షకులకీ గొప్ప గౌరవం. 'స్వతంత్ర యాత్రికుడు' అంటున్నారు. ఆ మాట దగ్గరే మాకు పేచీ. అతని స్వాతంత్ర్యం ఎక్కడినుంచి వచ్చింది? అతని ధైర్యంలోంచా, అతని జేబులో ఉన్న కాగితంలోంచా, అతని పేరులోంచా? అతను చూసిపోయిన ఆ గడ్డమీద రోజూ బతికేవాళ్లు చేసే ప్రయాణాలు ప్రయాణాలు కావా? వాటిని ఏ సాహిత్యం కింద లెక్కకడతారు?

మొదటినుంచీ మొదలుపెడదాం. తెలుగులో మొట్టమొదటి యాత్రాగ్రంథంగా చెప్పుకునేది ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర'. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, వందమంది దాకా పరివారాన్ని వెంటేసుకుని కాశీ వెళ్లి, 1831 సెప్టెంబర్ 3న తిరిగొచ్చాడు. ఎప్పటికప్పుడు రాసి పంపినదాన్ని స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె కూర్చి, ఆయన పోయాక 1838లో అచ్చువేయించాడు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం చూసుకుని కృష్ణ దాటి నైజాం ఇలాకాలో కాలుపెట్టాడాయన. అక్కడినుంచి హైదరాబాద్ దాకా ఆయన నడిచింది నిజంగా కల్లోలంగా ఉన్న దేశమే. అందుకే ఈ పుస్తకం మాకు ముఖ్యం. కల్లోలదేశంలో ప్రయాణం అనే విషయంతోనే తెలుగు యాత్రాసాహిత్యం మొదలైంది. ఆ దేశం మా తాతముత్తాతలది.

ఆ కల్లోలం ఏమిటి? ఆయన రాసినదాని సారాంశం ఇది: కృష్ణ ఒడ్డునుంచి హైదరాబాద్ దాకా ఉన్న నేలమీద కొల్లాపురం రాజా, వనపర్తి రాజా లాంటి సంస్థానాధీశులు ఒకరితో ఒకరు కలహించుకుని, ఒకరి ఊళ్లను మరొకరు కొల్లగొడుతున్నారు. రైతులు నలిగిపోయి ఊళ్లు పాడుపడుతున్నాయి. హైదరాబాద్‌లో అధికారం చలాయిస్తున్న చందూలాల్ మంచిమాటలతో సర్దిచెబుతున్నాడే గాని తగాదా తెంపడం లేదు.

ఇందులో హిందూ ముస్లిం తగువు ఎక్కడుంది? కొట్టుకునేవాళ్లు హిందూ దొరలు. సర్దిచెప్పేవాడు ఖత్రీ కులస్తుడు, 'షాదాన్' పేరుతో ఉర్దూ కవిత్వం రాసినవాడు. పైన నిజాం ఉన్నాడు, నిజమే. ఆ పైన రెసిడెన్సీలో కంపెనీ దొర ఉన్నాడు. శిస్తు వసూలును గుత్తలకిచ్చారు. ఖజానాని పామర్ కంపెనీ అప్పులు, కంపెనీ సైన్యాల ఖర్చులు తినేశాయి. గుత్తేదారు రైతు మీద పడ్డాడు. ఆ రైతుల్లో దూదేకులవాడూ ఉన్నాడు, మాలవాడూ ఉన్నాడు. వీరాస్వామయ్య చూసింది ఇది. ఆయన రాసింది ఇది. కానీ ఇట్లాంటి పేజీలు మాకు తరగతి గదిలోకి వచ్చేసరికి 'తురకల రాజ్యంలో దారిదోపిడీలు' అన్న ఒక్క ముక్కగా మారిపోయాయి. పుస్తకంలో లేని తగువు చదివినవాళ్ల కళ్లల్లోకి ఎట్లా వచ్చింది? విమర్శకులు జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇది. ఆ పని మాత్రం జరగలేదు.

వీరాస్వామయ్యను మేం నెత్తిన పెట్టుకోవడం లేదు. ఇంగ్లీషువాళ్ల కొలువు చేసినవాడు, వాళ్ల పాలన మీద గౌరవం ఉన్నవాడు. ఆయన స్వాతంత్ర్యం ఆ కొలువులోంచి వచ్చిందే. ఆయన్ని మోసిన బోయీల పేర్లు మనకు తెలియవు. ఎండలో, వానలో, బురదలో పల్లకీ భుజాన వేసుకుని కాశీ దాకా పోయినవాళ్లు కూడా ఆ దేశాన్ని చూశారు గదా! వాళ్ల భుజాలమీద కూచున్నవాడిది మాత్రమే యాత్ర అయింది.

అయినా ఆయన దగ్గర మాకొక పెన్నిధి దొరికింది. ఆ పుస్తకంలో దారినపోయేవాళ్లని ఆయన మాటిమాటికీ ఏమంటాడో తెలుసా? ముసాఫరులు! ఏ ఊళ్లో ముసాఫరులకు దిగే చోటుంది, ఎక్కడ సామాన్లు దొరుకుతాయి అని రాసుకుంటూ పోతాడు. ఆగిన చోటు మజిలీ, పట్నం షహరు. కాశీకి పోతున్న నిష్ఠాపరుడైన బ్రాహ్మడు తనలాంటి బాటసారిని మా మాటతో పిలుచుకున్నాడు. అది పరాయి మాట అని ఆయనకు తోచనే లేదు. ఎందుకంటే 1830లో అది పరాయి మాట కాదు. మా ఇళ్లల్లో ముసాఫిర్ అంటాం, ఆయన ముసాఫర్ అన్నాడు, అంతే తేడా. ఆ తర్వాత ఏమైంది? పుస్తకాల తెలుగు శుభ్రపడింది. ముసాఫర్ పోయి యాత్రికుడు వచ్చాడు, పర్యాటకుడు వచ్చాడు. మజిలీ ఎట్లాగో బతికింది. షహరు పాతబస్తీకి పోయి మా నాలుకలమీద దాక్కుంది. మాటే కదా పోయిందనుకోవద్దు. ముసాఫర్ అనే మాటతో పాటు ఒక ధర్మం కూడా ఉంది. మా దీన్‌లో ముసాఫిర్‌కి నమాజు తగ్గుతుంది, రోజాకి సడలింపు ఉంటుంది. జకాత్ అందుకునే హక్కున్నవాళ్లలో దారిలో చిక్కుకున్న బాటసారి ఒకడు. ఎందుకు పోతున్నాడు, గుడికా మసీదుకా పొట్టకూటికా అని అడగరు. దారిలో ఉన్నాడు, అది చాలు. యాత్ర అట్లా కాదు. యాత్రకు ఒక పుణ్యస్థలం కావాలి, ఒక ప్రయోజనం కావాలి, ఒక గౌరవం కావాలి. పొట్టకూటికి పోయేవాడిది యాత్ర కాదు. ప్రాణభయంతో పోయేవాడిది అసలే కాదు.

ఆ నేలమీదే మరో ప్రయాణం చూద్దాం. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. దానికి పోలీస్ యాక్షన్ అని పేరుపెట్టారు. అంతకుముందు రజాకార్లు చేసిన ఘోరాలు మేం దాచం. దాచాల్సిన అవసరం మాకు లేదు. వాళ్లని ఎదిరించి రాసినందుకు ఆ ఆగస్టులో ప్రాణం పోగొట్టుకున్న 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ మావాడే. కానీ రజాకార్ల పాపాన్ని వాళ్లెవరో తెలియని ఊళ్లల్లోని దర్జీలు, నేతగాళ్లు, కూలీలు మోశారు. ఆ కబుర్లు ఢిల్లీ దాకా పోయి నెహ్రూ ప్రభుత్వం ఒక సద్భావన బృందాన్ని పంపింది. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ. 1948 నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 దాకా వాళ్లు సంస్థానంలో తిరిగారు. పదహారు జిల్లాల్లో తొమ్మిది చూశారు. వంద పైచిలుకు ఊళ్లకు చెందిన ఐదు వందలకు పైగా మనుషుల్ని కూచోబెట్టి అడిగారు. తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది దాకా ప్రాణాలు పోయాయని అంచనా వేశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికంటే ఎక్కువ దెబ్బతిన్నాయని చెప్పారు.

ఆ నివేదికని మేం యాత్రాగ్రంథంగానే చదువుతాం. కల్లోలంలో ఉన్న దేశం గుండా ముగ్గురు మనుషులు పోయి, కనిపించింది రాశారు. అందులో ఒక్క వైపు మాటే లేదు. ముస్లింలని కాపాడటానికి ప్రాణాలకు తెగించిన హిందువుల గురించి రాశారు. హిందూ నేతగాళ్లు తోటి ముస్లిం నేతగాళ్లకు అడ్డంగా నిలబడ్డ సంగతి రాశారు. మతం పేరుమీద చంపినవాళ్లున్న చోటే మగ్గం పేరుమీద కాపాడినవాళ్లూ ఉన్నారని మాకు చెప్పిన మొదటి కాగితం అది. ఆ కాగితాన్ని ఏం చేశారు? బీరువాలో పెట్టి తాళం వేశారు. ముక్కలుముక్కలుగా బయటికి వచ్చినా, ఢిల్లీలో నెహ్రూ స్మారక గ్రంథాలయంలో పూర్తిగా చదువుకునే వీలు దొరికింది 2013లో. అరవై అయిదేళ్లు! ప్రభుత్వ ముద్ర ఉన్న ఉత్తరంతో తిరిగినవాళ్లని కూడా తిరగనిచ్చారు గాని, తిరిగింది చెప్పనివ్వలేదు. 1830 పుస్తకం పాఠ్యాంశమైంది, 1948 పుస్తకం రహస్యమైంది.

ఆ అరవై అయిదేళ్లలో తెలుగు సాహిత్యం ఏం చేసింది? సాయుధ పోరాటం మీద నవలలు వచ్చాయి, పాటలు వచ్చాయి, జైలు జ్ఞాపకాలు వచ్చాయి. అవి మావి కూడా. ఆ పోరాటంలో మావాళ్లూ ఉన్నారు. అయితే ఆ సెప్టెంబర్ తర్వాత జిల్లాలనుంచి మూటాముల్లె సర్దుకుని హైదరాబాద్‌కి నడిచొచ్చిన ముస్లిం కుటుంబాల దారి ఎన్ని పేజీల్లో దొరుకుతుంది? పాతబస్తీలో చాలా ఇళ్లు అట్లా వచ్చినవాళ్లవే. మీవాళ్లు ఎక్కడినుంచి వచ్చారని అడిగితే ముసలమ్మ బీదర్ అని ఆగిపోతుంది. ఎట్లా వచ్చారంటే 'ఆయే, బస్' అంటుంది. ఆ రెండు మాటల మధ్య ఒక గ్రంథం పడి ఉంది. రాసినవాడు లేడు.

ఇంక 1990కి వద్దాం. ఆ ఏడు చివరి అయిదు నెలల్లో మూడు ప్రయాణాలు జరిగాయి. ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లోకి వచ్చాయి. లక్షకు పైగా మన దేశపు కార్మికులు అక్కడ చిక్కుకున్నారు. సెప్టెంబర్ 25న సోమనాథ్ నుంచి అయోధ్యకు ఒక రథం బయలుదేరింది. అక్టోబర్ 23న బీహార్‌లోని సమస్తిపూర్‌లో ఆపేదాకా అది తిరిగింది. డిసెంబర్‌లో హైదరాబాద్ తగలబడింది. వందమందికి పైగా చచ్చిపోయారు.

ఈ మూడింటిలో దేన్ని యాత్ర అన్నారో అందరికీ తెలుసు. ఇంజనుతో నడిచే వాహనానికి రథం వేషం వేస్తే అది రథయాత్ర అయింది. అది పోయిన దారిలో మనుషులు ఇళ్లల్లో తలుపులేసుకున్నారు. ఆనాటినుంచి 'యాత్ర' అన్నమాట వింటే మా ముసలివాళ్లు కిటికీ మూయడం నేర్చుకున్నారు. కాశీకి పోయినవాడి మాటని ఇట్లా చేసింది ఎవరు? మేం కాదు.

కువైట్ నుంచి వచ్చినవాళ్ల సంగతి చూడండి. హుస్సేనీ ఆలంలో మాకు బాగా తెలిసిన ఒక చాచా అక్కడ ఎలక్ట్రీషియన్ పని చేసేవాడు. చేతిలో దినార్లు చిత్తుకాగితాలైపోయాక, ఒక సూట్‌కేసు పట్టుకుని బస్సెక్కాడు. బస్రా, బాగ్దాద్, అక్కడినుంచి ఎడారి దారిలో జోర్డాన్ సరిహద్దు. అక్కడ డేరాల్లో రోజుల తరబడి పడిగాపులు. ఆపైన అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి. ఆ బస్సులో సగం మాటలు తెలుగేనట. కడప సాయిబులు, రాయచోటి రెడ్లు, ఇళ్లల్లో పనిచేసే గోదావరి జిల్లాల ఆడవాళ్లు. నీళ్ల సీసా చేతులు మారింది. ఖుబ్జ్ రొట్టె తుంచి పంచుకున్నారు. ఒకామె మెళ్లోని పసుపుతాడుకి పిన్నీసుతో పాస్‌పోర్టు తగిలించుకుందని చాచా ఇప్పటికీ చెబుతాడు. ఈయన దండకు ఇమామ్ జామిన్ ఉంది. ఎవరి తావీజు వాళ్లది, ఎడారి అందరిదీ.

అక్టోబర్‌లో ఇంటికి చేరాడు. డిసెంబర్‌లో కర్ఫ్యూ. 'బస్రా దాటొచ్చినోణ్ని, పత్తర్‌గట్టి దాటలేకపోయా' అని నవ్వుతాడు. ఆ నవ్వు మేం రాయలేం.

చాచా చేసింది స్వతంత్ర ప్రయాణం కాదా? గైడు లేడు, కంపెనీ లేదు, భాష అరకొర, ముందు యుద్ధం, వెనక యుద్ధం. యాత్రాగ్రంథానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ ఆయన్ని పత్రికలు 'కువైట్ బాధితుడు' అన్నాయి. ఇష్టపడి పోయినవాడు యాత్రికుడు, వేరే దారి లేక పోయినవాడు బాధితుడు. యాత్రికుడికి కళ్లుంటాయి. బాధితుడికి కన్నీళ్లు మాత్రమే ఉంటాయి. అతను కూడా దారంతా చూశాడని, పోల్చుకున్నాడని, నవ్వుకున్నాడని ఎవరికీ తట్టదు. ఆ తరలింపు 2016లో ఒక హిందీ సినిమాగా వచ్చింది. దాంట్లో నాయకుడు కోటీశ్వరుడైన వ్యాపారి. వీరాస్వామయ్య పల్లకీ మళ్లీ కనిపించింది మాకు. మోసేవాళ్లు మాత్రం మారలేదు.

ఇప్పటి కుర్రాళ్ల విషయం. 2021లో తాలిబన్లు మళ్లీ గద్దెనెక్కాక కూడా ఫోను కెమెరా పట్టుకుని కాబూల్ వీధుల్లో తిరిగొచ్చిన తెలుగువాళ్లున్నారు. ఇరాక్ పోయినవాళ్లున్నారు. మేం ఆ వీడియోలు చూస్తాం. చూసి సంతోషపడతాం కూడా. ఎందుకంటే దాదాపు ప్రతి వీడియోలోనూ ఒక చోట ఒక ముసలాయన చాయ్ తాగించి డబ్బులు తీసుకోడు. కుర్రాడు ఆశ్చర్యపోతాడు. 'వీళ్ల గురించి మనకేదో చెప్పారుగాని, వీళ్లెంత మంచోళ్లండీ' అంటాడు. మంచిదే. అబద్ధం కాదు. కానీ బాబూ, ఆ చాయ్ తాగడానికి కాబూల్ దాకా పోవాలా? మూసీ దాటితే చాలదా? మదీనా చౌరస్తాలో ఏ ఇరానీ హోటల్లోనైనా నీ పేరు అడగకుండా చాయ్ ఇస్తారు. ఆ వీడియో కింద చప్పట్లు కొట్టిన పెద్దమనిషే మావాడు ఇల్లు అద్దెకు అడిగితే 'వెజిటేరియన్లకే ఇస్తామండీ' అంటాడు. దూరపు ముస్లిం అతనికి అతిథి సత్కారం చేసే చిత్రం, పక్కింటి ముస్లిం అనుమానం.

ఇంకో ప్రశ్న. షాలిబండ కుర్రాడొకడు అదే కెమెరా పట్టుకుని అదే కాబూల్ పోయి, అదే చాయ్ తాగి వచ్చాడనుకోండి. విమానాశ్రయంలో అతన్ని ఏమని అడుగుతారు? ఇంటికి ఎవరు వస్తారు? 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలితే, పేలుడులో, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో చనిపోయింది మావాళ్లు. ఆ తర్వాత అనుమానం మీద పట్టుకుపోయిందీ మా పిల్లల్నే. వాళ్లని కోర్టులు నిర్దోషులన్నాయి. వదిలిపెట్టాక కూడా వాళ్లు ఊరు దాటాలంటే జంకారు. పాస్‌పోర్టు ఒకటే, పుస్తకం రంగు ఒకటే, దేశం ఒకటే. స్వాతంత్ర్యం మాత్రం పేరు చూసి పంచుతారు. కాబట్టి ధైర్యవంతుడైన యాత్రికుణ్ని పొగిడేటప్పుడు విమర్శకుడు ఒక్క వాక్యం చేర్చాలి: ఈ ధైర్యం ఇతనికి వీలైంది, ఎవరికి వీలుకాదో కూడా ఇతను గుర్తించాడా లేదా?

కల్లోలదేశం ఎక్కడో లేదు. 2023 జులై 31న జైపూర్ నుంచి ముంబై పోతున్న రైల్లో రైల్వే రక్షణ దళం కానిస్టేబుల్ జరిపిన కాల్పుల్లో అతని పై అధికారి, ముగ్గురు ముస్లిం ప్రయాణికులు చనిపోయారు. ఆ ముగ్గురిలో ఒకరు హైదరాబాద్‌లో కాపురముంటున్నవాడు. రిజర్వేషన్ చేయించుకున్న రైలు, తెల్లవారుజాము, తెలిసిన దారి. ఆ తర్వాత మా ఇళ్లల్లో రాత్రి రైలుకి పోయేవాళ్లకి చెప్పే జాగ్రత్తలు ఎక్కువయ్యాయి. ఫోన్లో గట్టిగా సలాం చెప్పకు. టిఫిన్ డబ్బా అందరిముందూ తెరవకు. గడ్డం కొంచెం తగ్గించు. ఇవన్నీ ఒక దేశం గుండా ప్రయాణం చేయడానికి మార్గదర్శకాలు. విదేశీ యాత్రికుడికి అతని రాయబార కార్యాలయం ఇట్లాంటివే రాసిస్తుంది. మాకు అమ్మీలు చెబుతారు.

ఊరి లోపలి ప్రయాణం సంగతి కూడా చెప్పుకోవాలి. పాతబస్తీకి నగరం అంతంతమాత్రంగానే వస్తుంది. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్‌స్టేషన్ దగ్గర బయలుదేరిన మెట్రో లైను ఇమ్లీబన్ దాకా వచ్చి మూసీ అంచున ఆగిపోయింది. అవతలి భాగానికి శంకుస్థాపన జరిగింది 2024 మార్చిలో. చార్మినార్ చూడటానికి మాత్రం నగరం మొత్తం వస్తుంది. గాజులు కొంటుంది, హలీం తింటుంది, ఫొటో దిగుతుంది, చీకటి పడకముందే పోతుంది. 'జాగ్రత్త' అని ఒకరికొకరు చెప్పుకుంటారు. వినబడదనుకుంటారు. మాకు తెలుగొచ్చు.

ఇంతవరకు ఇతరుల్ని అడిగాం. ఇప్పుడు మమ్మల్ని మేం అడుక్కోవాలి. మా సఫర్‌నామాలు ఎవరివి? ఉర్దూలో సఫర్‌నామాకి పెద్ద సంప్రదాయం ఉంది. పర్దా కాలంలోనే హైదరాబాద్ ఆడబిడ్డ సుగ్రా హుమాయూన్ మీర్జా యూరప్ దాకా తిరిగి సఫర్‌నామాలు రాసింది. ముజ్తబా హుస్సేన్ జపాన్ పోయి 'జపాన్ చలో జపాన్ చలో' అని కడుపుబ్బ నవ్వించాడు. గర్వపడదాం. కానీ అవి చదువుకున్నవాళ్ల, పిలుపు అందుకున్నవాళ్ల ప్రయాణాలు. మా దర్జీ, మా డ్రైవరు, మా నర్సు, మా వంటమనిషి ప్రయాణాలు ఉర్దూలోనూ పెద్దగా లేవు, తెలుగులోనూ లేవు. బార్కస్‌లో నిజాం సైన్యంలోకి హద్రమౌత్ నుంచి వచ్చిన చావుష్‌ల మనవలున్నారు. యెమెన్‌లో యుద్ధం మొదలయ్యాక తమ చుట్టాల యోగక్షేమాల కోసం వాళ్లు పడ్డ తిప్పలు ఎవరు రాశారు? మా ఇళ్లనుంచి పసిపిల్లల్ని నికా పేరుతో ముసలి షేకుల వెంట పంపిన ప్రయాణాలున్నాయి. 1991లో విమానంలో ఏడుస్తున్న ఒక పిల్లని ఎయిర్‌హోస్టెస్ గమనించి ఆపించింది. ఆపనివి ఎన్నో! ఆ దారుల గురించి మేం ఎందుకు మాట్లాడం? దాంట్లో దోషి బయటివాడే కాదు గనుక. ముల్లా, దళారీ, తండ్రి, మన గడపలే గనుక. పక్కవాడి కళ్లద్దాలు తుడవమని అడిగేవాడు ముందు తన కళ్లు తుడుచుకోవాలి.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ', 1998లో 'జల్‌జలా' సంకలనం వచ్చాక మేం తెలుగులో మా పేర్లతో మాట్లాడటం మొదలుపెట్టాం. కవిత్వంలో, కథలో మా గల్లీ కనిపించింది. మా దారి ఇంకా కనిపించలేదు. గల్లీ రాస్తే మా ఉనికి తెలుస్తుంది. దారి రాస్తే ఈ దేశం మాకెట్లా కనబడుతుందో తెలుస్తుంది. ఇన్నాళ్లూ మమ్మల్ని చూసినవాళ్లు రాశారు. మేం చూసింది మేమే రాయాలి.

లౌకికవాద మిత్రులతో ఒక మాట. మీరు మా పక్షాన మాట్లాడుతున్నారు, తెలుసు. మాకు జాలి వద్దు. 1948లో మగ్గం పక్కన నిలబడ్డ నేతగాడిది జాలి కాదు. కువైట్ బస్సులో రొట్టె తుంచినామెది జాలి కాదు. వాళ్లు తోటి ముసాఫర్లు. వీరాస్వామయ్య పుస్తకంలో ఆ మాట ఇప్పటికీ ఉంది. దాన్ని అక్కడినుంచి తీసుకుని మళ్లీ వాడండి. యాత్రాగ్రంథాన్ని సమీక్షించేటప్పుడు ఎన్ని దేశాలు తిరిగాడో లెక్కపెట్టడం మానేసి, ఆయన్ని ఎవరు మోశారో, ఎవరి కాగితంతో పోయాడో, దారిలో కనిపించినవాడికి నోరిచ్చాడో లేదో చూడండి.

మా కుర్రాళ్లకీ ఒక మాట. 1990లో పాతికేళ్లున్న కువైట్ కార్మికుడికి ఇప్పుడు అరవై దాటింది. 1948లో నడిచొచ్చినవాళ్లు ఎందరు మిగిలారో వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. కాబూల్ తర్వాత పోవచ్చు. ఈ జుమ్మా నమాజు తర్వాత మీ వీధిలో ఒక చాచా పక్కన కూచోండి. ఒక ఫూఫీ దగ్గర కూచోండి. 'ఆయే, బస్' అన్నాక లేచి రాకండి. ఏ దారిన వచ్చారు, ఎక్కడ ఆగారు, నీళ్లెవరిచ్చారు అని అడగండి. తెలుగులో రాయండి. వాళ్ల దండలకు కట్టిన రూపాయి ఎవరికి ఇచ్చారో అది కూడా అడగండి.